ఈ మాట ఎవరిది?

ఉత్తరాలు రాసిచ్చే పని నాకు పదకొండో ఏట అబ్బింది. జడ్చర్ల దగ్గరి మా పల్లె నుంచి మొగవాళ్లలో సగం మంది మేస్త్రి వెంట బొంబాయికో, పూణేకో, ఎక్కడో కడుతున్న డ్యాముకో పోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరిగిన పేరు. ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్లకు చదువు రాదు. నాకు వచ్చు, పైగా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని పేరు. పొద్దుగూకే వేళ ఇన్‌లాండ్ లెటర్ పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్లు.

ఎదురింటి వదినె ఒకనాడు చెప్పుకుంటూ పోయింది. “బర్రె ఈనింది, దూడ దక్కలే. నువ్వు పంపిన పైసలల్ల సేటుకు రెండు నూర్లు కట్టిన. మక్క ఎండింది. చిన్నోడు రాత్రి నిన్ను యాది జేసి ఏడ్సిండు. ఎప్పుడొస్తవ్?” నేను రాసింది వేరు. బడిలో లేఖారచన పాఠం అప్పుడే అయింది. శ్రీవారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది, ఇచ్చట అందరమూ క్షేమము, అచ్చట తమరి క్షేమసమాచారములు తెలుపగలరు అని మొదలుపెట్టి, దేవుడి దయ, ఆరోగ్యం జాగ్రత్త అంటూ పేజీ నింపాను. దూడ సంగతికి ఆ నమూనాలో చోటు దొరకలేదు. చదివి వినిపిస్తే వదినె మురిసిపోయింది.

పీర్ల పండుగకు వదినె పెనిమిటి ఊరికి వచ్చాడు. నన్ను పిలిచి, కోపం లేకుండానే అన్నాడు. “తమ్మీ, నీ రాత ముత్యాలంట. గానీ అది మా ఇంటిదాని మాట గాదు. ఆడ మనోడు సదివి ఇనిపిస్తుంటే ఎవలి పెండ్లామో రాసినట్టనిపిచ్చింది. దూడ సచ్చిపోయినంక అంత క్షేమమని ఎట్ల రాసినవ్ రా?”

నలభై ఏళ్లు దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ జనం చేతికి వచ్చింది. ఆ వెనుకే జెమిని, క్లాడ్ లాంటివి వచ్చాయి. ఇప్పుడు ప్రతి జేబులో ఒక రాసిచ్చే పిల్లగాడు ఉన్నాడు. వాడి అక్షరాలు ముత్యాలు. అడిగినా అడగకపోయినా అంతా క్షేమమనే రాస్తాడు. వాణ్ని ఏ పనికి పిలవాలి, ఎప్పుడు పిలవాలి, ఏ గడప దాటనివ్వకూడదు? ఇది ఎవరికి వారు కూర్చుని తేల్చుకోవలసిన విషయం. తేల్చుకోని వాళ్ల తరఫున అలవాటే తేల్చేస్తుంది.

ముందు ఆ పిల్లగాడి తీరు తెలుసుకోండి. ఆ యంత్రం కోట్ల పేజీల రాతను నమిలి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి, ఒక్కొక్క ముక్కే పేర్చుకుంటూ పోతుంది. అందుకే నలుగురూ అనే మాట దానికి చప్పున దొరుకుతుంది. మీ ఒక్కరికే తెలిసిన మాట దొరకదు. మీ బర్రె దూడ సంగతి అది నమిలిన పేజీల్లో లేదు. లేని చోట అది ఆగదు, ఉన్నట్టే రాస్తుంది. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లు దాన్ని నమ్మి, అసలు లేనే లేని తీర్పులను ఉదాహరిస్తూ కాగితాలు దాఖలు చేశారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. యంత్రానికి వేయలేదు, సంతకం పెట్టిన వాళ్లకు వేశాడు.

తెలుగులో ఇబ్బంది ఇంకా ఎక్కువ. దాని మేతలో ఇంగ్లీషు కొండంత, తెలుగు పిడికెడంత. ఆ పిడికెడులో పాలమూరు మాట ఎంత? అందుకే “నేటి వేగవంతమైన ప్రపంచంలో” అని మొదలవుతుంది, “కీలక పాత్ర పోషిస్తుంది” అని ముగుస్తుంది. అక్షరం తెలుగే, లోపల నడుస్తున్నది ఇంగ్లీషు. బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ రాశి ముందు నిలబడి, ధర కోసం ఎదురుచూసే రైతు ఇలా మాట్లాడగా ఎవరైనా విన్నారా?

అయినా నేను దాన్ని వాడతాను. రోజూ వాడతాను. వాడే పద్ధతి నాకు నేర్పింది మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరి. ఆయన పని ఒక పూట పక్కన కూర్చుని చూడండి. నమూనా ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది. అమ్మకం పత్రమైనా, బహుమతి పత్రమైనా మొదటి పేరా నుంచి చివరి పేరా దాకా చాలా భాగం అందరికీ ఒకటే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ సర్వే నంబరు దగ్గరికి, చెక్కుబంది దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి ఆగుతుంది. తలెత్తి అడుగుతాడు. తూర్పున ఎవరి భూమి? పడమర బాటనా, కాలువనా? ఉత్తరం దిక్కు మీ అన్నదేనా? దక్షిణం? ఒక్క హద్దు కూడా తన బుర్రలోంచి రాయడు. రాస్తే రేపు కోర్టులో ఏమవుతుందో ఆయనకు తెలుసు. రాయడం అయ్యాక గట్టిగా చదివి వినిపిస్తాడు. వేలిముద్ర వేసే అవ్వకైనా సరే, చదివి వినిపించాకే ముద్ర. చివర రాసినవారు అని తన పేరూ పెడతాడు.

ఇంతకన్నా మంచి నియమం మరెక్కడా వెతకనక్కర్లేదు. నమూనా ఎవరిదైనా కావచ్చు, హద్దులు మాత్రం మీ నోటి నుంచి రావాలి. సంతకానికి ముందు పైకి చదవాలి. రాసినవారు ఎవరో దాచకూడదు. లెక్చరర్‌కు ఇచ్చే అసైన్‌మెంటులో, ఎడిటరుకు పంపే వ్యాసంలో యంత్రం సాయం తీసుకుంటే ఆ ముక్క కింద రాయండి. దాచిపెట్టాలనిపించిందంటే అక్కడ తీసుకోకూడనంత సాయం తీసుకున్నారనే అర్థం.

ఇప్పుడు మీ పనులు తీయండి. ఒక నోటు పుస్తకం తెరిచి ఈ వారం మీరు రాసినవన్నీ వరసగా రాయండి. సెలవు చీటీ, బ్యాంకుకు అర్జీ, ఆఫీసు మెయిల్, పిల్లవాడి స్కూలుకు జవాబు, చనిపోయిన మిత్రుడి ఇంటికి నాలుగు మాటలు, పరీక్షకు వ్యాసం, మహిళా సంఘం సమావేశం తీర్మానం. ఒక్కొక్క దాని పక్కన ఒకే ప్రశ్న వేసుకోండి. రేపు ఎవరైనా నిలబెట్టి ‘ఇదేంటి?’ అని అడిగితే, కాగితం చూడకుండా జవాబు చెప్పాల్సింది నేనేనా? బ్యాంకు అర్జీలో నమూనా వాక్యాల గురించి మిమ్మల్ని ఎవరూ అడగరు, ఖాతా నంబరు గురించి అడుగుతారు. వాక్యాలు యంత్రానికి ఇచ్చేయండి, నంబరు మీరు చూసుకోండి. తీర్మానంలో ఎవరెవరు ఏమన్నారన్నది అడుగుతారు. అది సమావేశంలో కూర్చున్నవాళ్లే రాయాలి. తర్వాత అచ్చుతప్పులు దిద్దించుకుంటే ఇబ్బంది లేదు. మిత్రుడి ఇంటికి రాసే నాలుగు మాటలు? ఆ నాలుగు మాటలకు యంత్రం దగ్గరికి పోకండి. తడబడనివ్వండి. తప్పుల్తో రాయండి. దుఃఖంలో ఉన్న మనిషి మీ వ్యాకరణం చూడడు, మీరు వచ్చారా లేదా అని చూస్తాడు.

పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీలో పని చేసే కెమిస్టు కుర్రాడు ఒకడు మా వీధిలో ఉంటాడు. నైట్ షిఫ్టులో ఒక చోట ఉష్ణోగ్రత గీత దాటింది. డీవియేషన్ రిపోర్టు రాయాలి. ఇంగ్లీషు భయంతో రూముకు వచ్చి, ఫోన్లో యంత్రాన్ని అడిగి చూశాడు. అది చక్కగా రాసిచ్చింది, కారణం కూడా తానే రాసింది. ఆపరేటరుకు శిక్షణ సరిపోలేదని. అసలు కారణం ఏమిటో అప్పటికి ఎవరూ తేల్చలేదు. ఆ ఆపరేటరు ఈ కుర్రాడి ఊరివాడే, పదేళ్ల అనుభవం ఉన్నవాడు. ఆ వాక్యం అలాగే పోయి ఉంటే ఎవరి ఉద్యోగం మీదికి వచ్చేది? కుర్రాడు అది చదివి, భయపడి, చెరిపేసి, తెల్లారేదాకా కూర్చుని తన ఇంగ్లీషులో ఎనిమిది లైన్లు రాసుకున్నాడు. నేను చేసింది మంచిదేనా సార్ అని నన్ను అడిగాడు. వాణ్ని చూస్తే గర్వంగా అనిపించింది.

మందుల పరిశ్రమలో వీళ్లకు ఆల్కోవా అని ఒక నియమం నేర్పుతారు. రాత ఎవరిదో తెలియాలి. చదవగలిగేలా ఉండాలి. పని జరుగుతున్నప్పుడే రాయాలి. అదే మొదటి రాత అయి ఉండాలి. నిజమై ఉండాలి. మాత్రలు చేసేవాళ్ల కోసం పెట్టుకున్న ఈ ఐదు ముక్కలు డైరీ రాసుకునేవాళ్లకూ పనికొస్తాయి. ఇంకో మాట కూడా ఆ కుర్రాడికి చెప్పాను. కంపెనీ కాగితాలు, బ్యాచ్ వివరాలు సొంత ఫోన్లోని యంత్రానికి ఇవ్వొద్దని. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖే తన ఉద్యోగులను ఆఫీసు కంప్యూటర్లలో చాట్ జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దంది, రహస్య సమాచారం బయటికి పోతుందని. మీ ఆధార్, పాస్‌బుక్ ఫొటో, డాక్టర్ రిపోర్టు మీద మీ పేరు కూడా అంతే. అడగవలసింది పేరు తీసేసి అడగండి.

గ్రూప్స్‌కు చదివే పిల్లలతో మాత్రం నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరు 150 మార్కులు, మూడు గంటలు, చేత్తో రాయాలి. హాల్లో మీ వెంట వచ్చేది మీ వేళ్లు, మీ బుర్ర. రోజూ యంత్రం రాసిన వ్యాసం చదివి, బాగుందని పక్కన పెట్టేస్తే చదివినట్టే ఉంటుంది. ఏదీ మిగలదు. అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2025లో 54 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరు యంత్రంతో, కొందరు గూగుల్ లాంటి వెతుకులాటతో, కొందరు ఏ సాయమూ లేకుండా వ్యాసాలు రాశారు. యంత్రంతో రాసినవాళ్లలో ఎక్కువమంది, అప్పుడే ముగించిన తమ వ్యాసంలోంచి ఒక్క వాక్యం సరిగా చెప్పలేకపోయారు. చిన్న ప్రయోగమే, దాన్ని పట్టుకుని కొండలు తవ్వనక్కర్లేదు. కానీ మీ మీద మీరు ఈ రాత్రే చేసి చూసుకోవచ్చు. నిన్న దానితో రాయించిన పేజీని మూసి, అందులో ఏముందో గోడకు చెప్పండి.

మరి పరీక్షకు దాన్ని ఎలా వాడాలి? ఇన్విజిలేటరుగా, పేపరు దిద్దే మాస్టారుగా వాడండి. గడియారం పెట్టుకుని గంటలో వ్యాసం రాయండి. ఫొటో తీసి పెట్టి ఇలా అడగండి: “దీన్ని తిరగరాయొద్దు. నేను ఆధారం లేకుండా అన్న మాటలు చూపించు. నా వాదనకు ఎదురుగా నిలబడే మూడు ప్రశ్నలు వేయి.” ఆ ప్రశ్నలకు మళ్లీ పెన్నుతో జవాబు రాయండి. అది చూపించిన అంకెను మాత్రం పుస్తకంలో సరిచూసుకోకుండా నమ్మకండి. ఇలా నెల రోజులు చేసిన ఒక అమ్మాయి, తన వాక్యం పొట్టిదయిందని, మొదటి పేరా కోసం పెన్ను కొరుక్కోవడం పోయిందని చెప్పింది. యంత్రం ఆమెకు వ్యాసాలు ఇవ్వలేదు, అభ్యాసం ఇచ్చింది.

నా పద్ధతి చెబుతాను, పనికొస్తే తీసుకోండి. పొద్దున ఐదింటికి లేస్తాను. ఫోను వంటింట్లోనే ఉంటుంది. రూళ్ల నోటు పుస్తకంలో చిత్తుప్రతి పెన్నుతో రాస్తాను. కొట్టివేతలు, బాణాలు, పక్కన ఇరికించిన మాటలు, అన్నీ ఉంటాయి. చిత్తు ముగిసేదాకా యంత్రం మొహం చూడను. ఈ ఒక్క నియమం మీద నాకు రాజీ లేదు. ఎందుకంటే ఏం చెప్పాలో తెలియకుండా కూర్చున్న ఆ మొదటి అరగంటలోనే ఏం చెప్పాలో తెలుస్తుంది. ఆ అరగంట కష్టమని యంత్రానికి ఇచ్చేస్తే, అది తన మాటను మీ ముందు పెడుతుంది. అంత నున్నటి మాట ఎదురుగా ఉన్నాక మీ గరుకు మాట మీకే నచ్చదు. దూడ సంగతి అక్కడే జారిపోతుంది. చిత్తు అయ్యాక టైపు చేసి, అప్పుడు దాన్ని పిలుస్తాను. ఏ వాక్యం రెండుసార్లు వచ్చింది, ఏ తేదీ అనుమానంగా ఉంది, చదివేవాడికి ఎక్కడ దారి తప్పుతుంది అని అడుగుతాను. అది పదిచోట్ల వేలు పెడితే మూడుచోట్ల నిజమే అనిపిస్తుంది. ఆ మూడూ నేనే దిద్దుకుంటాను.

తెలియని సంగతి తెలుసుకోవడానికి దాన్ని అడగడం మంచిదే. అడిగి ఊరుకోవద్దు. మా జడ్చర్లలో డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడి వృక్షశాస్త్ర అధ్యాపకుడు డాక్టర్ బి. సదాశివయ్య, విద్యార్థులతో కలిసి, కాలేజీ ఆవరణలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచారు. యంత్రానికి ఆకు ఫొటో పెడితే లాటిన్ పేరు చెప్పవచ్చు. ఆ మొక్కను వేళ్లు తెగకుండా తవ్వడం, తెచ్చి నాటడం, ఎండాకాలం నీళ్లు పోసి బతికించడం, దాన్ని గొర్లకాపరి ఏమని పిలుస్తాడో అడిగి రాసుకోవడం చేసినవాడికి తెలిసేది వేరు. ఆ పిల్లల్లో ఎవరైనా ఆ మొక్క గురించి ఒక పేజీ రాస్తే, అందులో యంత్రం ఎన్నటికీ రాయలేని వాక్యం ఒకటైనా ఉంటుంది. మీ పనిలో అలాంటి వాక్యం ఏది? దాన్ని వెతకండి. అది దొరికాక మిగతా పేజీకి ఎంత సాయం తీసుకున్నా నష్టం లేదు.

నా బాధ ఒకటి ఉంది, చెప్పి తీరాలి. 1934లో, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు. ఊరూరి నుంచి, ఎవరి గొంతు వారిదిగా. తర్వాత 1949లో ఆయనే ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. మనవాళ్లు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని ఆయన పాత కావ్యాల్లోంచి ఏరి తీశారు. పాల్కురికి సోమనాథుడి లాంటివాళ్లు తమ కాలపు వస్తువులను, తిండిని, ఆటను వాటి వాటి పేర్లతో రాసిపెట్టబట్టి ఆయన ఏరుకోగలిగారు. అందరూ ‘ఇచ్చట క్షేమము’ అని రాసి ఉంటే ఆయనకు దొరికేది ఏముంది? ఇంకో వందేళ్లకు మన కాలాన్ని ఏరుకోవడానికి ఎవరో ఒకరు కూర్చుంటారు. జొన్నరొట్టె మీద ఏం పెట్టుకుని తిన్నామో, కాంట్రాక్టరు దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకుని బెంగళూరు బస్సు ఎక్కామో వాళ్లకు మన రాతల్లో దొరకాలి.

ఇందులో యంత్రానికీ లాభమే. 2023లో స్వేచ్ఛ అనే సంస్థ పిలిస్తే తెలంగాణ ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు వేల పేజీల తెలుగు కథలను డిజిటల్ రూపంలోకి ఎక్కించే పనిలో దిగారు, తెలుగు నేర్చిన చిన్న భాషా నమూనా తయారు చేయడానికి. రేపటి యంత్రం తెలుగు బాగా మాట్లాడాలన్నా ఇవాళ మనుషులు తమ తెలుగు తాము రాయాలి. యంత్రం రాసిన తెలుగునే యంత్రానికి మళ్లీ మేపితే అది ఎటు పోతుంది?

పోయిన నెల ఎదురింటి వదినె మళ్లీ మా అరుగు మీదికి వచ్చింది. డెబ్బై దాటింది, కర్ర సాయంతో నడుస్తోంది. వయోజన విద్య రోజుల్లో సంతకం నేర్చుకుంది. పట్టాదారు పాస్‌బుక్కులో ఇంటిపేరు తప్పు పడింది, తహసీల్దారుకు అర్జీ కావాలంది. సరిగ్గా యంత్రం చేయగల పని. ఆమె చెప్పింది చెప్పినట్టు నోట్ చేసుకుని, పేరు, నంబర్లు ఖాళీ వదిలి, అర్జీ రాయించాను. ఒక్క నిమిషంలో వచ్చింది. ఖాళీలు పాస్‌బుక్ చూసి నేనే నింపాను. పైకి చదివాను. ఇంటిపేరు దగ్గర అక్షరం ఆపి మళ్లీ చదవమంది. సరిపోయింది. మూడో పేరా వచ్చింది. ఈ పొరపాటు వల్ల మా కుటుంబం తీవ్రమైన ఆర్థిక, మానసిక ఇబ్బందులు ఎదుర్కొంటున్నదని ఉంది.

వదినె చేయి అడ్డం పెట్టింది.

“ఆ మాట నేను జెప్పిన్నా?”

“లేదు వదినె. అదే రాసింది.”

“మరి కొట్టెయ్. మాకేం ఇబ్బంది లేదు. పేరు తప్పు పడ్డది, సరి జెయ్యమని గంతే రాయ్.”

కొట్టేశాను. మళ్లీ మొదటి నుంచి చదవమంది. చదివాను. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, పెన్ను అడిగి తీసుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.